సెల్ఫ్ పలికే దాకా

మొన్నొక ఉదయం మా అపార్టుమెంటు కింద, కార్లు నిలిపే చోట, పక్కింటి యువకుడు తన కొత్త కారులో కూర్చుని మీట నొక్కాడు. ఇంజను కదలలేదు, లోపలెక్కడో "టక్" మని ఒక్క చిన్న శబ్దం వచ్చి ఆగిపోయింది. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. ఫోనులో ఏదో నొక్కి అద్దెకారు పిలిపించుకుని, కంపెనీవాళ్లు వచ్చి చూసుకుంటారని కాపలాదారుకు తాళం అప్పగించి, నవ్వుతూ ఆఫీసుకు వెళ్లిపోయాడు. నేను పాల ప్యాకెట్లతో మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఆ శబ్దం విన్న మరుక్షణం నా కళ్లు నాకు తెలియకుండానే ఆ కారు వెనుక సీటు వైపు తిరిగాయి, అక్కడ ఎవరైనా ఆయాసపడుతూ కూర్చున్నారేమోనని. ఎవరూ లేరు. ఉండరని నాకూ తెలుసు. అయినా ఇంట్లోకి వచ్చి పాలు గిన్నెలో పోస్తుంటే కొంత పొయ్యి మీద ఒలికింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేము బేతంచెర్లలో ఉండేవాళ్లం. మా నాన్న, చిన్నాయన ఇద్దరూ గనుల్లో రాయి కొట్టి, కూడబెట్టుకున్న దానితో బండలకు నునుపు పట్టే చిన్న పాలిష్ ఫ్యాక్టరీ పెట్టుకున్నవారు. నాన్న తొందరగా కాలం చేయడంతో చిన్నాయనే నన్ను కర్నూలులో హాస్టల్లో ఉంచి బి.ఎస్సీ. దాకా చదివించాడు. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. చదివింది భౌతికశాస్త్రం, ఊళ్లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అదే పాఠం చెప్పేవాణ్ణి. ఇంట్లో మొదటి చదువరి అయినవారికి నేను వేరే చెప్పనక్కర్లేదు: ఇస్త్రీపెట్టె వేడెక్కకపోయినా, మిక్సీ తిరగకపోయినా, చివరికి వీధిదీపం వెలగకపోయినా అందరూ మన ముఖం వైపే చూస్తారు. మనం చదివింది ఏమిటో వాళ్లకు తెలియదు, మనకు తెలియనిది ఒకటుంటుందని కూడా వాళ్లకు తెలియదు.

నాకు ఉద్యోగం వచ్చిన కొద్ది కాలానికే చిన్నాయనకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు కర్నూలుకు తీసుకెళ్లి యంత్రం మీద రక్తం శుద్ధి చేయించాలి. మా చిన్నమ్మ దాన్ని 'రక్తం కడిగించేది' అనేది, మేమందరం కూడా అలాగే అనడానికి అలవాటుపడ్డాం. ఆ ఆసుపత్రిలో ఉన్న యంత్రాలు కొన్నే, వాటి కోసం కాచుకున్నవాళ్లు ఎందరో. మన వంతు సమయానికి మనం మంచం మీద లేకపోతే పక్కవారిని ఎక్కించేవారు. అది న్యాయమే, వాళ్లూ మనలాంటి వాళ్లే. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు గనుక ఆయన తాగే నీటికి కొలత పెట్టారు. మా సీమ ఎండల్లో, జీవితమంతా రాతిదుమ్ములో నిలబడి చెంబుల కొద్దీ నీళ్లు తాగిన మనిషికి రోజుకు ఇన్నే గ్లాసులని చెప్పడం ఎంత కఠినమో దగ్గరుండి చూసినవారికే తెలుస్తుంది. నీరు ఎక్కువైన రోజు ఊపిరితిత్తుల్లోకి చేరేది. పడుకుంటే గాలి అందేది కాదు. నిటారుగా కూర్చుంటే కొంత నయం.

కిక్కిరిసిన బస్సులో ఆయన్ను తీసుకెళ్లలేక, రైలు వేళలు ఆసుపత్రి వేళలకు కుదరక, ఒక పాత డీజిల్ కారు కొన్నాం. ఫ్యాక్టరీ లారీ నడిపే మా బావే, అంటే మా అక్క భర్త, దానికీ డ్రైవరయ్యాడు. కొంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ఒక వర్షాకాలంలో పాత బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కొత్తది వేయించాం. అది పాతదాని కంటే కాస్త పొట్టిదైనా, అటూ ఇటూ కదలకుండా బావ చక్కగా బిగించాడు. మరికొన్నాళ్లకు మొదలైంది ఆ పీడ.

తాళం తిప్పితే ఇంజన్ను తిప్పాల్సిన చిన్న మోటారును మావైపు 'సెల్ఫ్' అంటారు. ఒక ఉదయం ఆ సెల్ఫ్ పలకలేదు. "టక్" మన్నది, అంతే. హారను గట్టిగా మోగింది, దీపాలు తెల్లగా వెలిగాయి, ఇంజను మాత్రం రాయిలా కూర్చుంది. ఏం చేయాలో తోచక బావ కారును వాలులోకి దొర్లించి, గేరు వేసి క్లచ్చి వదిలితే స్టార్టయింది. మరునాడు ఏమీ ఎరగనట్టు తాళం తిప్పగానే పలికింది. ఆ తర్వాత మూడు వారాలు పలికి, మళ్లీ ఒకరోజు మూగబోయింది. పూర్తిగా చెడిపోయిన వస్తువును బాగుచేయవచ్చు, లేదా వదిలేయవచ్చు; ఒకరోజు బాగుండి ఒకరోజు మొరాయించేదానితో బతకడం వేరు. అది బాగున్న రోజుల్లో కూడా మనల్ని నిశ్చింతగా ఉండనివ్వదు.

డోన్ వెళ్లే దారిలో ఒక మెకానిక్ భాయి షెడ్డు ఉండేది. నిదానస్తుడు, మంచి పనివాడు. బ్యాటరీ చూశాడు, కొత్తదే, బలంగా ఉంది. సెల్ఫ్ మోటారు విప్పి లోపల అరిగినవన్నీ మార్చాడు. తాళం పెట్టే స్విచ్చి మార్చాడు. మోటారు దగ్గరికి కరెంటు వస్తోందా లేదా అని చిన్న బల్బు పెట్టి చూస్తే అది దేదీప్యమానంగా వెలిగింది. అన్నిటికంటే విడ్డూరం, ఆ షెడ్డులో కారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎన్నిసార్లు తాళం తిప్పినా అన్నిసార్లూ పలికింది.

"ఏమప్పా, నా కాడికొస్తే పెండ్లికొడుకు మాదిరి నవ్వుతాండాది, మీ ఇంటికాడనే మొండికేస్తాండాది. దీనికి నేనంటే భయం, మీరంటే అలుసు" అని భాయి నవ్వేవాడు. మాకు నవ్వు వచ్చేది కాదు.

చివరికి బావ, నేను కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎక్కడ నిలిపినా కారును వాలు మీదే, ముక్కు పల్లానికి పెట్టి నిలపాలి. సెల్ఫ్ పలికితే సరే, లేకపోతే దొర్లించి స్టార్ట్ చేసుకోవచ్చు. మా ఇంటి ముందు వీధి రైల్వేస్టేషను వైపు దిగుతూ ఉండేది, కాబట్టి ఇంటి దగ్గర చింత లేదు. కర్నూలులో ఆసుపత్రి వెనుక సందు ఒకటి అలాగే వాలుగా ఉంటే, గేటు దూరమైనా అక్కడే నిలిపేవాళ్లం. దారిలో రైల్వేగేటు పడితే ఇంజను ఆపేవాళ్లం కాదు. డీజిలు పోయించుకునేటప్పుడు కూడా ఆపకపోతే బంకువాళ్లు కేకలు వేసేవారు. వెనుక సీట్లో చిన్నమ్మ భుజానికి ఆనుకుని కూర్చున్న చిన్నాయన మా తంటాలన్నీ చూస్తూ, "ఎన్ని లారీలకు బండలెత్తినోన్ని! ఈ పొద్దు నన్నొక్కణ్ణి ఎత్తేదానికి ఈ డబ్బా అలుగుతాంది జూడప్పా" అని నవ్వబోయేవాడు, దగ్గు అడ్డం వచ్చేది.

ఆ కట్టుబాటు పెట్టుకున్న తర్వాత కారు మొరాయించడం తగ్గకపోగా బాగా ఎక్కువైంది. దానికి మేము చెప్పుకున్న కారణం ఒకటే, కారు పాతబడుతోందని. ముందుజాగ్రత్త పెట్టుకున్నాం కనుక గండం గడుస్తోందని సంతోషించాం కూడా.

నేను చెప్పదలచుకున్న రోజు నడివేసవిలో వచ్చింది. దానికి ముందు రెండురోజులు మా ఊళ్లో గాలి కూడా కాలింది. దాహం ఆపుకోలేక చిన్నాయన ఎవరూ చూడకుండా కుండలో నీళ్లు తాగాడు. ఎంత తాగాడో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు, వాచిన కాళ్లు చూస్తేనే తెలిసింది. తెల్లవారేసరికి ఆయన మంచం అంచున రెండు చేతులూ ఆనించి, మెడ ముందుకు చాచి, ప్రతి ఊపిరినీ బరువులా ఎత్తుకుంటున్నాడు. మాట్లాడటం మానేశాడు. మాట్లాడే మనిషి మాట మానేస్తే ఇల్లంతా ఒక్కసారిగా చీకటిపడినట్లు ఉంటుంది.

నేను, బావ చెరొక పక్క పట్టుకుని ఆయన్ను కారులో కూర్చోబెట్టాం. అప్పటికే వీధి దిగువన, మా కారు ముక్కుకు కొద్ది అడుగుల దూరంలోనే, ఒక లారీ నిలబడి ఉంది. నిండుగా బండలు ఎక్కించుకుని వస్తూ, మలుపులో యాక్సిల్ విరిగి అడ్డంగా కూలబడింది. సన్నని వీధి, దాని పక్కనుంచి సైకిలు పోవాలన్నా కష్టమే. మేము వెనక్కి వెళ్లి పైవీధి గుండా తిరిగిపోవాలి, వెనక్కి వెళ్లాలంటే ఇంజను నడవాలి. దొర్లించడానికి చోటు లేదు. అంతవరకు మమ్మల్ని కాపాడిందనుకున్న వాలు ఆ రోజు గోతిలా కనిపించింది.

బావ తాళం తిప్పాడు. టక్.

మళ్లీ తిప్పాడు. టక్. మూడోసారి తిప్పేముందు ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకోవడం నేను చూశాను. టక్.

కారును వెనక్కి, ఎగువకు తోయడానికి ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వచ్చారు గాని, ముందుకు దొర్లితే లారీకి గుద్దుకుంటుందని బ్రేకు మీదినుంచి కాలు తీయడానికే బావ జంకాడు. బజారులో ఉన్న అద్దెకారు కోసం ఒకరిని పరుగెత్తించాం. అది పెళ్లివాళ్లను ఎక్కించుకుని మహానందికి పోయిందని కబురు. ఇప్పటిలాగా ఫోను చేస్తే వచ్చే అంబులెన్సులు అప్పటికి మా వైపు లేవు. ఆసుపత్రికి ఫోను చేస్తే, వంతు తప్పితే ఇక సాయంత్రమేనని ఫోనెత్తిన నర్సమ్మ మెత్తగానే చెప్పింది. నేను చిన్నాయన వైపు చూశాను. సాయంత్రం అన్న మాట ఆయన ఉన్న స్థితికి సరిపోయేది కాదు. పెదవులు నల్లబారుతున్నాయి.

"సదువుకున్నోడివి గదా నాయనా, ఏమన్నా సెయ్యి" అంది చిన్నమ్మ. ఎప్పుడూ ఎత్తిపొడుపుగా అనే మాట అది. ఆ రోజు ఎత్తిపొడుపు లేదు.

నేను బానెట్టు ఎత్తి, బావను హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమన్నాను. తరగతిలో పిల్లలకు చెప్పే పాఠమే: మోటారు ఎక్కువ కరెంటు లాగితే బ్యాటరీ మీద భారం పడి దీపాలు మసకబారాలి. బావ తిప్పాడు. టక్ అన్నది, దీపాలు రవ్వంత కూడా తగ్గలేదు. అంటే మోటారు కరెంటును లాగడం లేదు. బలమైన బ్యాటరీకి, బాగుచేసిన మోటారుకు మధ్య దారి ఎక్కడో తెగింది. కానీ అదే మోటారు దగ్గర భాయి బల్బు పెడితే వెలిగింది గదా! తెగిన దారి బల్బుకు ఎలా కరెంటు ఇచ్చింది? షెడ్డులో కలిసిన దారి ఇక్కడ ఎందుకు తెగుతోంది? నాకు తెలిసిన చదువు అంతవరకు వచ్చి ఆగిపోయింది. వెనుక చిన్నాయన ఊపిరి శబ్దం వినిపిస్తోంది. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య విరామం పెరుగుతోందని అనిపించి తల తిప్పడానికి భయం వేసింది.

కారు ముక్కు పల్లానికి ఉండటం వల్ల చిన్నాయన ముందుకు జారిపోతున్నాడు. ఆయన్ను చంకల కింద చేతులు వేసి పైకి లాగి నిటారుగా కూర్చోబెడుతూ చిన్నమ్మ, దుఃఖమో కోపమో తెలియని గొంతుతో అంది: "దీనికీ మా ఆయప్ప రోగమే తగులుకుండాది. సమంగా కూచుంటే బాగుంటాది, వాలితే ఊపిరాడదు."

ఆవిడ కారును తిట్టింది, అంతే. నాకు మాత్రం ఆ మాట ఇంకోలా వినిపించింది. భాయి షెడ్డు నేల చదును, బండలు పరిచిన నేల. అక్కడ ఎప్పుడూ పలికింది. మొరాయించినవన్నీ ఇంటి ముందు, ఆసుపత్రి సందులో, రెండూ వాలే. మా కట్టుబాటు పెట్టుకున్నాకే పీడ ఎక్కువైంది. వాలు మీద నిలిపితే కారులో కదిలేది ఏమిటి? రబ్బరు దిమ్మల మీద కూర్చున్న ఇంజను. అది ముందుకు ఒరిగితే దానితో పాటు సాగేది ఏమిటి? బ్యాటరీ నుంచి మోటారుకు పోయే లావు కేబుల్. దాన్ని చూశాను. అది వదులుగా వేలాడాల్సింది పోయి బట్టలారేసే తాడులా బిగుసుకుని ఉంది.

ఎందుకు బిగుసుకుందో అప్పుడు కనిపించింది. బ్యాటరీ కింద, అంగుళానికి పైగా మందమున్న బండ ముక్క.

మా ఊరివాళ్లు కానివారికి ఇది వింతగా ఉండవచ్చు. మాకు ఎత్తు తగ్గిన చోటల్లా బండ ముక్కే. మంచం కోడు కింద, బీరువా కింద, నీళ్ల డ్రమ్ము కింద, రుబ్బురోలు కింద, కాలేజీలో నేను పాఠం చెప్పే బల్ల కింద కూడా. నునుపుగా, నాలుగు మూలలూ సమంగా కోసిన ముక్కలు వీధిలో ఊరికే దొరుకుతాయి. పొట్టి బ్యాటరీకి బిగింపు అందక బావ చేసింది ఆ ఊళ్లో ఎవరైనా చేసేదే. ఆ ముక్కను భాయి చూశాడు, నేను చూశాను, బ్యాటరీ నీళ్లు పోసిన ప్రతివారూ చూశారు. ఎవరి కంటికీ అది ఆనలేదు. ఎత్తు పెరిగిన బ్యాటరీకి కేబుల్ చాలక నెలల తరబడి లాగుడు పడి, తొడుగు లోపల రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగిపోయాయి. చిన్న బల్బుకు మిగిలిన నాలుగు పోగులు చాలు, మోటారుకు చాలవు. చదును మీద కేబుల్ కాస్త వదులైతే తెగిన కొసలు ఒకదానికొకటి ఆనుకుంటాయి, వాలులో లాగుడు పడితే విడిపోతాయి.

బావను పిలిచి బిగింపు వదులు చేయించి, ఇద్దరం బ్యాటరీని ఒక వైపుకు ఒరిగించి ఆ ముక్కను లాగేశాం. బ్యాటరీ కిందికి దిగింది, కేబుల్ వదులై వంపు తిరిగింది. బిగింపు ఇక అందదు కనుక చిన్నాయన భుజం మీది తువ్వాలు తీసి బ్యాటరీని కట్టేశాను. బావ పరుగున వెళ్లి కూర్చున్నాడు. తాళం తిప్పాడు.

సెల్ఫ్ పలికింది. ఇంజను దద్దరిల్లుతూ లేచింది. నేను బానెట్టు వేశానో లేదో, ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు. రివర్సులో వీధి ఎగువకు ఎక్కి, పైవీధి తిరిగి, కర్నూలు రోడ్డు పట్టాం. ప్రతి గుంతలోనూ కట్టు ఊడుతుందేమోనని నేను డాష్‌బోర్డు మీది బ్యాటరీ ఎర్రదీపాన్నే చూస్తూ కూర్చున్నాను. వెనుకనుంచి చిన్నమ్మ, "పలుకు మామా, ఊ అను" అంటూనే ఉంది. ఆయన అప్పుడప్పుడూ ఊ అన్నాడు. ఆసుపత్రి గేటు ముందు, వాలు లేని చోట, మొదటిసారి నిర్భయంగా ఇంజను ఆపాం. వంతు ఇంకా దాటలేదు. పక్కమంచం వాళ్ల మనిషి ఒకాయన ఏమీ అడగకుండానే చిన్నాయన కాళ్ల వైపు పట్టుకుని మంచం మీదికి చేర్చాడు. మధ్యాహ్నానికి చిన్నాయన కళ్లు తెరిచి, "ఆకలైతాంది" అన్నాడు.

మరునాడు భాయి ఆ కేబుల్ తొడుగు కోసి చూపించాడు. లోపల పచ్చని పొడి, వెంట్రుకల్లాంటి నాలుగు పోగులు. బావ తల దించుకుంటే, "నువ్వొక్కనివే జూసినావా అప్పా, నేను గూడా దాని మీదనే పానా పెట్టి పని జేసినా" అని భాయి ఆయన భుజం తట్టి, పొడుగాటి కొత్త కేబుల్ వేసి, బ్యాటరీ కింద చెక్క దిమ్మ పెట్టాడు. కారు ఇక ఎన్నడూ మొరాయించలేదు. చిన్నాయన ఆ తర్వాత ఇంకా కొన్నేళ్లు బతికాడు. ఆయన పోయింది ఇంట్లో, గుండె ఆగి. ఆ రోజు కారుతో పని పడలేదు.

ఒక ఉదయం మాత్రం నేను మరిచిపోలేను. కారు బాగయ్యాక కూడా చాలాకాలం, ఆసుపత్రికి బయలుదేరే రోజుల్లో ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్లు. ఎదురింటివాళ్లు కూడా చేతిలో పని వదిలి వచ్చేవారు. సెల్ఫ్ పలకగానే ఎవరో ఒకరు "పోయిరాపో అన్నా" అనేవారు, చిన్నాయన చెయ్యి ఎత్తేవాడు. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కరూ మానేశారు. భయం లేని చోట నిలబడే పనేముంది? ఆ ఉదయం బావ తాళం తిప్పాడు, కారు పలికింది, కదలబోయాం. చిన్నాయన కిటికీలోంచి ఖాళీ వాకిలి వైపు చూసి, "ఏమప్పా, ఈ పొద్దు ఎవురూ రాలే?" అన్నాడు. కారు బాగుంది గదా చిన్నాయనా, ఎవరికీ బెంగ లేదు అన్నాను. "మేలే గదప్పా" అన్నాడు. రైల్వేగేటు దాటాక, ఎవరూ ఏమీ అనకుండానే, మళ్లీ "మేలే గదప్పా" అన్నాడు.

ఇప్పుడు రక్తం కడిగే యంత్రాలు చిన్న ఊళ్లకు కూడా వచ్చాయని వింటున్నాను. రోడ్లు బాగుపడ్డాయి, పిలిస్తే వచ్చే వాహనాలు వచ్చాయి. ఒక మనిషి ప్రాణం ఒక కేబుల్‌లోని నాలుగు పోగుల మీద వేలాడే రోజులు పోయాయి, పోవాల్సిందే. ఏ వాకిట్లోంచి ఎవరు ఆసుపత్రికి బయలుదేరుతున్నారో పక్క వాకిలికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మేలే గదప్పా అని నాకు నేను చెప్పుకుంటాను. కాసేపటికి మళ్లీ చెప్పుకుంటాను.